ఐదో పాఠం: బువ్వలాటలో పెద్దల పీట

నాలుగో పాఠంలో చెప్పిన నీళ్ళ ఆట చాలా ఇళ్ళలో దారి తప్పిందని మీ ఉత్తరాలను బట్టి తెలిసింది. వెడల్పు గిన్నెలోని నీళ్ళను సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే నాలుగేళ్ళ కొడుకు ‘ఇందులోనే ఎక్కువున్నాయి’ అన్నాడనీ, ఎన్నిసార్లు పోసి చూపినా ఒప్పుకోలేదనీ కావలి నుంచి ఒక తల్లి బాధపడుతూ రాశారు. అమ్మా, ఆ వయసుకు అది సహజమైన జవాబు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త పియాజే ఇదే పరీక్ష పెట్టి, ఆరేడేళ్ళు వచ్చేదాకా చాలామంది పిల్లలు నీటి మట్టాన్ని చూసే ఎక్కువ తక్కువలు చెబుతారని గమనించారు. మీరు వాదించి గెలిస్తే వాడు మీ మాట అప్పజెబుతాడు, అంతే. గిన్నె, గ్లాసు వాడికి వదిలిపెట్టి, ఒలికిన నీళ్ళు తుడవడానికి ఒక గుడ్డ పక్కన పెట్టండి.

ఇక బువ్వలాట. సామాను సంగతి మీకు తెలిసిందే. తిరునాళ్ళలో కొనే ప్లాస్టిక్ వంట సెట్టు కంటే ఒక ఉదయగిరి చెక్క గరిటె, నాలుగు కొబ్బరి చిప్పలు నాకు ఇష్టం. ప్లాస్టిక్ దోసె ఎప్పటికీ దోసెగానే ఉంటుంది, కొబ్బరి చిప్ప మాత్రం పూటకొక పాత్ర అవుతుంది. మూడేళ్ళ లోపు పిల్లలకు చింతగింజలు ఇవ్వవద్దు, గొంతులో అడ్డుపడతాయి.

మా వీధి అరుగు మీద ఒక పాప బురదనీళ్ళ పులుసులో కానుగాకులు వేసి, ‘ముల్లుంటాది అవ్వా, చూసి తిను’ అంటూ ఒక అవ్వకు వడ్డించింది. ఆకును చేపగా చూడడమంటే, కంటికి కనబడే వస్తువును పక్కకు నెట్టి దానికి మరో అర్థం ఇవ్వడం. రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ 1933లో ఆట గురించి చేసిన ప్రసంగంలో, కర్రను గుర్రంగా ఎక్కే పిల్లవాణ్ణి చూపి ఈ మాటే వివరించారు. పలక మీది గీత ఒక శబ్దానికి గుర్తు అని రేపు గ్రహించవలసిన బుద్ధి ఇక్కడే అలవడుతుంది.

అంతలో వాళ్ళమ్మ వచ్చి, ‘ఎన్ని ఆకులున్నాయి? ఏ రంగు?’ అని అడిగింది. పాప ‘ఐదు, పచ్చ’ అని చెప్పి, గరిటె కింద పెట్టి లేచిపోయింది.

ఈ పొరపాటు నన్ను ఎంతగానో బాధిస్తుంది. జవాబు ముందే తెలిసిన ప్రశ్న పరీక్ష అవుతుంది. ఆ క్షణాన చేప మళ్ళీ ఆకైపోతుంది, వంటమనిషి విద్యార్థి అయిపోతుంది. ‘ఇదేంటి?’ అన్నా, ‘చేపకు రెక్కలుంటాయా?’ అన్నా, ‘శభాష్, ఐదని బాగా చెప్పావే’ అని మెచ్చుకున్నా జరిగేది అదే. మాట్లాడదలిస్తే ఆటలోని మనిషిగా మాట్లాడండి. మర్నాడు ఆ అవ్వ ‘మీ తాతకు ముక్క పడలేదే’ అంది. పాప చిప్పకొక ఆకు చొప్పున వేసుకుంటూ పోయి, చివరి చిప్పకు చాలక, ఉన్న ఆకును రెండుగా చించింది. ఎవరూ అడగకుండానే లెక్కా, పంపకమూ రెండూ జరిగాయి.

నోరు ఊరుకోకపోతే నేను మనసులో పది లెక్కపెట్టుకుంటాను.

అభ్యాసం: ఐదు రోజులు, రోజుకు అరగంట, పిల్లలు పిలిస్తేనే పీట వేసుకుని కూర్చోండి. పరీక్షలాంటి ప్రశ్న నోరు జారిన ప్రతిసారీ కొంగుకు ఒక ముడి వేయండి. రాత్రికి ముడులు లెక్కపెట్టి, ఆ ఆటలో పిల్లలు అన్న మాటలను వాళ్ళ యాసలోనే, ఒక్క అక్షరం దిద్దకుండా నోటుపుస్తకంలో రాయండి. ఆరో పాఠం ఆ పుస్తకం ముందు పెట్టుకుని చదవాలి.