మార్కు సువార్తను అర్థం చేసుకొని ఇతరులకు నేర్పడం ఎలా?

నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో గృహకూటంలో (ఇళ్లలో జరిగే ప్రార్థన కూడికలో) గానీ సండే స్కూల్లో గానీ మొదటిసారి వాక్యం నేర్పవలసి వచ్చిన వారికి మార్కు సువార్త అనువైనది, ఎందుకంటే బైబిల్లో యేసు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తల్లో అదే చిన్నది. అయితే ఒక్కొక్క వచనాన్ని విడదీసి ప్రసంగించే పద్ధతి దీనికి అంతగా సరిపడదు. ఏ సంఘటన పక్కన ఏ సంఘటనను ఉంచాడన్న దానిలోనే మార్కు చాలా సంగతులు చెబుతాడు.

కాబట్టి ముందుగా 16 అధ్యాయాలనూ ఒకేసారి కూర్చుని, గొంతెత్తి చదవాలి. ఇద్దరు ముగ్గురు వంతులవారీగా చదివితే సుమారు రెండు గంటల్లో పూర్తవుతుంది, చదువు రాని పెద్దలు కూడా కథనంతా వింటారు.

తరువాత 8వ అధ్యాయం 27 నుండి 30 వరకు ఉన్న వచనాల దగ్గర గీత గీసుకోవాలి. అంతవరకు కథ ‘ఈయన ఎవరు?’ అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అక్కడ శిష్యుడైన పేతురు యేసుతో ‘నీవు క్రీస్తువు’ (దేవుడు అభిషేకించినవాడవు) అని చెప్పిన వెంటనే, ఆ క్రీస్తు శ్రమపడి చనిపోవలసినవాడన్న మాట మొదలవుతుంది. యేసు తన మరణాన్ని గురించి మూడుసార్లు (8:31, 9:31, 10:33) చెబుతాడు, మూడుసార్లూ శిష్యులు తప్పుదారి పడతారు: మొదట పేతురు ఆయనను గద్దిస్తాడు, తరువాత తమలో ఎవరు గొప్ప అని వాదించుకుంటారు, చివరికి యాకోబు, యోహానులు ఆయన కుడి ఎడమల కూర్చునే చోటు అడుగుతారు. ఈ భాగానికి ముందు బేత్సయిదాలో ఒక గుడ్డివాడు రెండు విడతలుగా చూపు పొందుతాడు, చివర యెరికోలో బర్తిమయి అనే గుడ్డివాడు చూపు పొంది యేసు వెంట నడుస్తాడు. శిష్యులకు ఇంకా సగం చూపే వచ్చిందన్న సంగతిని బోధకుడు తానే చెప్పేయకుండా, రెండు అద్భుతాలనూ పక్కపక్కన చదివించి వినేవారినే అడగడం మంచిది. నా దృష్టిలో ఈ సువార్తకు గుండెకాయ ఇదే, రెండు మూడు వారాలు దీనికే కేటాయించినా ఎక్కువ కాదు.

ఒక కథ మధ్యలో మరొక కథను ఇమడ్చడం మార్కుకు అలవాటు. 5వ అధ్యాయంలో చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం యాయీరు అనే తండ్రి యేసును ఇంటికి తీసుకువెళుతుంటాడు; ఆ కూతురి వయస్సు 12 ఏళ్లు, దారిలో యేసును ఆపిన స్త్రీ రోగం కూడా 12 ఏళ్లది. ఆ ఆలస్యంలో యాయీరు మనసు ఎలా ఉండి ఉంటుందని అడిగితే తల్లిదండ్రులు తామే మాట్లాడతారు.

విత్తువాని ఉపమానం (4:1–20) చెప్పేటప్పుడు మన రైతులకు రాతినేలను వర్ణించనక్కరలేదు. అడుగున బండ ఉన్న ఎర్ర చెల్కలో మొలక ఎందుకు ఎండిపోతుందో వారే చెబుతారు. పత్తి గింజను సాళ్లలో ఒక్కొక్కటిగా పెట్టే యువకులకు మాత్రం, ఆ కాలంలో విత్తనాన్ని చేత్తో వెదజల్లేవారని, అందుకే కొంత దారి పక్కన పడిందని వివరించాలి. అర్థాన్ని సొంతంగా కల్పించకుండా, 14వ వచనం నుండి యేసే చెప్పిన వివరణను చదవాలి.

16వ అధ్యాయానికి వచ్చేసరికి ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. 4వ శతాబ్దానికి చెందిన సీనాయి, వాటికన్ అనే పాత చేతిరాత గ్రీకు బైబిలు ప్రతుల్లో ఈ సువార్త 8వ వచనంతోనే, స్త్రీలు భయపడి సమాధి నుండి పారిపోవడంతో ముగుస్తుంది. 9 నుండి 20 వరకు ఉన్న వచనాలు వాటిలో లేవు. కొన్ని బైబిళ్లలో దీనిపై గుర్తు గానీ అడుగు గమనిక గానీ ఉంటుంది కనుక, ఎవరైనా అడిగినప్పుడు దాటవేయకుండా ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, యేసు తిరిగి లేచాడన్న ప్రకటన 6వ వచనంలోనే ఉందని చూపించాలి.