పాత ట్రక్కుకు స్క్రాప్‌యార్డ్ ఫ్యాన్ బిగించే ముందు జాగ్రత్తలు

అమెరికాలో పాత పికప్ ట్రక్కుల్లో ఇంజన్ బెల్టుతో తిరిగే ఫ్యాన్ తీసేసి, ఫోర్డ్ టారస్ కారు రేడియేటర్‌ను చల్లబరిచే ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టుకునేవాళ్లు చాలామందే. స్క్రాప్‌యార్డ్‌లో చవగ్గా దొరుకుతుంది, గాలి బాగా లాగుతుంది. కరెంటూ అలాగే లాగుతుంది, టెన్షనంతా అక్కడే.

• కొనేముందు రెక్కలు చేత్తో తిప్పండి. గరగరమన్నా, ఊగినా, రెక్క మొదట్లో సన్నటి పగులు కనిపించినా అక్కడే వదిలేయండి.

• ఇంజన్ చల్లారాకే పని. బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీసేయాలి.

• హై స్పీడ్‌లో ఇది 30 ఆంపియర్లకు పైనే తీసుకుంటుంది. తిరగడం మొదలయ్యే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. హారన్‌కు వాడే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), సన్న వైరు పెడితే ముందు వైరు తొడుగు మెత్తబడి కమురు వాసన వస్తుంది. ఎక్కువ కరెంటు మోసే రిలే, లావు వైరు కావాలి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి. ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే పాత ఆల్టర్నేటర్ 60 ఆంపియర్లదైతే, బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అంత కూడా ఇవ్వదు. హెడ్‌లైట్లు, ఏసీ కూడా కలిపి లెక్క వేసుకోండి.

• వాటర్ పంపు పుల్లీకి, ఫ్యాన్ మోటారుకు మధ్య ఖాళీ ఉందా? ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంట్లు అరిగితే, బ్రేకు వేసినప్పుడు ఇంజన్ ముందుకు జరిగి ఫ్యాన్‌కు తగలొచ్చు.

• గాలి ఇంజన్ వైపే రావాలి. రేడియేటర్ ముందు కాగితం పెడితే అతుక్కోవాలి.

• థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకునే వేడికన్నా కాస్త పైన ఫ్యాన్ ఆన్ అయ్యేలా సెట్ చేయండి. తక్కువ పెడితే ఫ్యాన్ ఆగదు.

బరువైన ట్రైలర్లు లాగే బండికి మాత్రం పాత బెల్టు ఫ్యానే నయం. మన దగ్గరి 24 వోల్టుల లారీకి ఈ 12 వోల్టుల ఫ్యాన్ నేరుగా కలపనే వద్దు, మోటారు మాడిపోతుంది.