పంచాయతీ రికార్డులు చూడాలంటే: తిరుపతి, చిత్తూరు జిల్లాల వారికి

సిమెంటు రోడ్డు వేసి ఏడాది తిరక్కుండానే పగుళ్లిస్తే చాలామంది సమాచార హక్కు దరఖాస్తులో ఇలా రాస్తారు: "రోడ్డు ఇంత నాసిరకంగా ఎందుకు వేశారు? బాధ్యులెవరు?" సంజాయిషీలు ఇవ్వడం సమాచార హక్కు చట్టం కిందికి రాదని జవాబొస్తుంది. కోపం వచ్చినా, చట్టం మాట అదే. 2005 నాటి ఈ చట్టం ఆఫీసులో ఉన్న కాగితాన్ని ఇప్పిస్తుంది, లేని జవాబును పుట్టించదు. అందుకే కాగితాన్ని దాని పేరు పెట్టి అడగాలి.

రోడ్డు పనికైతే మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేటు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) పేజీలు, బిల్లు, వోచరు, పంచాయతీ తీర్మానం. అన్నిటికన్నా పనికొచ్చేది ఎం-బుక్. కొలతలు అందులోనే ఉంటాయి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.15 మీటర్ల మందం అని రాసి ఉంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటుకు లెక్క కట్టినట్టు. పొడవు, వెడల్పు టేపు పట్టి మీరే కొలుచుకోవచ్చు. అంచున మట్టి కొంచెం తీస్తే మందం తెలుస్తుంది. అంతటా 10 సెంటీమీటర్లే ఉంటే పడింది 30 ఘనపు మీటర్లు. అంచుల్లో పలచబడి మధ్యలో సరిగ్గా ఉండే రోడ్లూ ఉంటాయి కాబట్టి ఒక్కచోట కొలిచి తగాదాకు పోవద్దు. పనిని తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి తీసుకోవడానికి కూడా ఇదే చట్టంలో హక్కుంది.

ఎం-బుక్ మామూలుగా పంచాయతీ ఆఫీసులో దొరకదు, ఇంజినీరింగు విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గర ఉంటుంది. "మా దగ్గర లేదు" అని చెప్పి దరఖాస్తు తిప్పి పంపితే ఊరుకోకండి. 6(3) సెక్షను ప్రకారం 5 రోజుల్లోగా వాళ్లే సంబంధిత ఆఫీసుకు పంపి, ఆ సంగతి మీకు రాయాలి.

దరఖాస్తుకు ముందు, పంచాయతీల పనులు, ఖర్చులు చూపే ఈగ్రామస్వరాజ్ ప్రభుత్వ వెబ్‌సైటులో మీ పంచాయతీ పేరు, ఆర్థిక సంవత్సరం ఎంచుకుని చూడండి. ఆర్థిక సంఘం నిధులతో ఏ పనులు పెట్టుకున్నారో, చెల్లింపులు ఎంతో కనిపిస్తాయి. వోచరు నంబరు, తేదీ అక్కడే దొరికితే దరఖాస్తులో వేయండి. "అయిదేళ్ల రికార్డులన్నీ" అని అడిగితే ఆఫీసు పనికి ఆటంకమనే సాకు చేతికిచ్చినట్టే.

రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే తేలిక. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే రుసుము ఉండదు. జిరాక్సు ఏ4 పేజీకి 2 రూపాయలు. కారణం రాయనక్కర్లేదు, అడిగినా చెప్పనక్కర్లేదు. చేతికిస్తే రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. తపాలాలో అయితే స్పీడ్ పోస్టు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు అందులోనే కలిసింది.

నకళ్ల కంటే ముందు రికార్డు పరిశీలన కోరడం మంచిది. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. ఫైలంతా తిరగేసి, కావలసిన పేజీలకే డబ్బు కట్టొచ్చు. నోట్ ఫైలు కూడా అడగండి. ఎవరు అభ్యంతరం చెప్పారో, ఎవరు సరేనన్నారో అక్కడే ఉంటుంది.

గడువు 30 రోజులు. నకళ్ల రుసుము కట్టమని ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు కట్టే దాకా ఆ లెక్క ఆగుతుంది. ఉత్తరం రాగానే కట్టేయండి. గడువు దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా మొదటి అప్పీలు 30 రోజుల్లోగా, అదే శాఖలో పై అధికారికి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సమాచారం ఇవ్వని అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేయగలదు. సోమవారం కలెక్టరేటులో ఇచ్చే అర్జీకి ఈ చట్టం గడువులేవీ వర్తించవు. రెండూ కలిపి ఒకే కాగితం మీద రాయొద్దు.

పాత కాగితాల విషయంలో ఇంకో చిక్కు. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు నాటి జిల్లా స్థాయి ఫైలు చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపుదైతే చిత్తూరులో, సూళ్లూరుపేట, నాయుడుపేట వైపుదైతే నెల్లూరులో ఉండిపోయి ఉండొచ్చు. దరఖాస్తులో సంవత్సరం తప్పక వేయండి.

గ్రామసభ సంగతికొస్తే, ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే. జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, చేయబోయే పనులు, లబ్ధిదారుల ఎంపిక అక్కడ చర్చకు రావాలి. సాధారణంగా జరిగేది మాత్రం ఖాళీ పేజీ మీద సంతకాలు తీసుకుని తీర్మానం తీరిగ్గా రాసుకోవడం. మీ మాట పుస్తకంలో ఎక్కాక, చదివించుకున్నాకే సంతకం పెట్టండి. సంతకాల కింద ఖాళీ ఉంటే గీత కొట్టమనండి. వారం తర్వాత ఆ తేదీ తీర్మానం నకలు కోరుతూ దరఖాస్తు పెడితే మార్పులేమైనా జరిగాయేమో తెలిసిపోతుంది.

తిరుపతి, చిత్తూరు నగరాల్లో గ్రామసభ ఉండదు. నగరపాలక సంస్థ కౌన్సిల్ సమావేశం తేదీ వేసి అజెండా, హాజరు పట్టిక, తీర్మానాల నకళ్లు అడగండి. రుసుము 10 రూపాయలు.