ఇంగ్లండ్ టాబ్లాయిడ్‌లో ఫుట్‌బాల్ విలేకరిగా స్థిరపడటం ఎలా?

ఇంగ్లండ్‌లో పత్రిక చివరి పేజీయే క్రీడలకు మొదటి పేజీ. సన్, డైలీ మిర్రర్, డైలీ స్టార్ వంటి టాబ్లాయిడ్లలో (చిన్న సైజు జనాదరణ పత్రికల్లో) ఏడాదిలో అధిక భాగం ఆ పేజీ ఫుట్‌బాల్‌దే. అక్కడ బైలైన్ (వార్తతో పాటు అచ్చయ్యే విలేకరి పేరు) సంపాదించాలనుకునేవారు, జర్నలిజం చదవడానికి ఆ దేశం వెళ్లే మన విద్యార్థులతో సహా, ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. ఆటపై అభిమానం పోటీదారులందరికీ ఉంటుంది. విన్నదానిని తప్పు లేకుండా రాసుకోవడం, రాసినదానిని నిరూపించుకోగలగడం అనే రెండు అలవాట్లే విలేకరిని ఈ వృత్తిలో నిలబెడతాయి.

శిక్షణ కోసం ఎన్‌సీటీజే (జర్నలిస్టుల శిక్షణకు బ్రిటన్‌లోని జాతీయ మండలి) గుర్తింపు ఉన్న కోర్సును ఎంచుకోవడం మంచిది. 1951లో ఏర్పడిన ఈ సంస్థ ఇచ్చే డిప్లొమాకు అక్కడి పత్రికా కార్యాలయాల్లో విలువ ఉంది. అందులో పత్రికా చట్టాన్ని, టీలైన్ అనే పద్ధతిలో షార్ట్‌హ్యాండ్‌ను (సంకేతాలతో వేగంగా రాసే లిపిని) శ్రద్ధగా నేర్చుకోవాలి. ఫోన్‌లోనే రికార్డర్ ఉండగా షార్ట్‌హ్యాండ్ ఎందుకని చాలామంది అడుగుతారు. ఇరవై నిమిషాల విలేకరుల సమావేశంలో పనికివచ్చే మాటలు మూడో నాలుగో ఉంటాయి. వాటి కోసం రికార్డింగు మొత్తాన్ని మళ్లీ వినే వ్యవధి డెస్క్ (వార్తలను దిద్ది పేజీలో పెట్టే కార్యాలయ విభాగం) ఇవ్వదు. పైగా ఇంగ్లండ్ కోర్టుల్లో అనుమతి లేకుండా మాటలను రికార్డు చేయడం నిషిద్ధం. ఆటగాళ్ల కేసులు కోర్టుకెక్కినప్పుడు నిమిషానికి 100 పదాల వేగంతో రాయగలిగినవారికి ఆ పని సులువవుతుంది.

జాతీయ పత్రికలో నేరుగా ఉద్యోగం దొరకడం అరుదు. లివర్‌పూల్ ఎకో, మాంచెస్టర్ ఈవెనింగ్ న్యూస్ వంటి ప్రాంతీయ పత్రికలు, 1955లో మొదలైన హేటర్స్ వంటి క్రీడా వార్తా సంస్థలు ఎందరికో తొలి మెట్టుగా ఉపయోగపడ్డాయి. దిగువ డివిజన్ క్లబ్బులను ఇష్టంగా చేపట్టాలి. అక్కడ మేనేజరు (జట్టు ప్రధాన శిక్షకుడు) స్వయంగా ఫోన్ ఎత్తుతాడు, ఈరోజు అక్కడ ఆడే కుర్రవాడు మూడేళ్ల తర్వాత అగ్రశ్రేణి ప్రీమియర్ లీగ్‌లో కనిపించవచ్చు. ఫ్రీలాన్సర్లకు అచ్చయిన వరుసల లెక్కన చెల్లించే పద్ధతి మన కంట్రిబ్యూటర్ల లైన్ అకౌంట్‌ను పోలి ఉంటుంది కనుక, మొదటి సంవత్సరాల ఆదాయాన్ని ముందే అంచనా వేసుకోవాలి.

మ్యాచ్ నివేదిక రాయడంలో కష్టమంతా సమయంతోనే. రాత్రి ఎనిమిదికి మొదలయ్యే మ్యాచ్‌లో, విరామ సమయానికి మొదటి అర్ధభాగం వివరాలను డెస్క్‌కు పంపేయాలి. ఆట చివరికి వచ్చేసరికి తక్కిన భాగం సిద్ధంగా ఉండాలి. చివరి విజిల్ మోగగానే ప్రారంభ వాక్యాలనూ ఆటగాళ్లకు పదికి వేసే మార్కులనూ పంపాలి. 1999 మే 26న బార్సిలోనాలో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆరో నిమిషం నుంచి బేయర్న్ మ్యూనిక్‌దే ఆధిక్యం. తొంభై నిమిషాలు ముగిశాక కలిపిన ఇంజురీ టైమ్‌లో షెరింగమ్, సోల్షార్ చేసిన రెండు గోల్స్‌తో మాంచెస్టర్ యునైటెడ్ గెలిచింది. అటువంటి రాత్రి పనికిరావాలంటే నివేదిక మధ్యభాగాన్ని ఫలితంతో సంబంధం లేకుండా, ఎవరు గెలిచినా చెల్లేటట్లు రాయడం అభ్యసించాలి. గెలుపోటములపై తీర్పును మొదటి రెండు పేరాలకే పరిమితం చేస్తే, మార్చవలసింది ఆ రెండు పేరాలే అవుతాయి.

పేరు తెచ్చేవి మాత్రం ట్రాన్స్‌ఫర్ వార్తలు, అంటే ఆటగాడు ఒక క్లబ్బు నుంచి మరో క్లబ్బుకు మారే వార్తలు. ఏజెంట్లు, కోచింగ్ సిబ్బంది, ఆటగాళ్ల కుటుంబసభ్యులు, శిక్షణ మైదానం గేటు దగ్గరి ఉద్యోగులు, వీరందరితోనూ వార్త అవసరం లేని రోజుల్లో కూడా మాట్లాడుతూ ఉండాలి. అయితే ఆటగాడి తరఫున బేరాలాడే ఏజెంట్ చెప్పే ప్రతి మాట వెనుకా ఒక ప్రయోజనం ఉంటుంది. పెద్ద క్లబ్బు ఆసక్తి చూపుతోందన్న వార్త అచ్చయితే, ఉన్న క్లబ్బులోనే అతని ఆటగాడి జీతం పెరగవచ్చు. కాబట్టి కొనే క్లబ్బును, అమ్మే క్లబ్బును విడివిడిగా అడిగి, ఇద్దరిలో ఒకరైనా ధ్రువీకరించేవరకు ఆగాలి. ఆ ఆలస్యం వల్ల వార్త మరొకరికి పోతే పోనివ్వాలి.

ఈ నియమాన్ని ఇంత గట్టిగా చెప్పడానికి హిల్స్‌బరో ఒక్కటే చాలు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని ఆ మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానులను బలిగొన్నది. నాలుగు రోజుల తర్వాత సన్ పత్రిక, అభిమానులు మృతుల జేబులు దోచుకున్నారని పేరు చెప్పని పోలీసులు, ఒక ఎంపీ చేసిన ఆరోపణలను ‘ది ట్రూత్’ అనే పతాక శీర్షిక కింద ప్రచురించింది. అవి అబద్ధాలని 2012లో హిల్స్‌బరో ఘటనను పరిశీలించిన స్వతంత్ర సంఘం తేల్చింది, పత్రిక క్షమాపణ చెప్పింది. అయినా లివర్‌పూల్‌లో ఆ పత్రికపై బహిష్కరణ సడలలేదు. 2017లో లివర్‌పూల్ క్లబ్బు సన్ విలేకరులకు తన మైదానంలో ప్రవేశం నిరాకరించింది. 1989లో పుట్టనైనా పుట్టని విలేకరులు కూడా ఆ శీర్షికకు మూల్యం చెల్లిస్తున్నారు.

శీర్షికను డెస్క్ పెడుతుంది. దాని కింద ఉండే పేరు విలేకరిది. 2018 డిసెంబరులో అప్పటి మాంచెస్టర్ సిటీ ఆటగాడు రహీమ్ స్టెర్లింగ్ డైలీ మెయిల్ పత్రిక వెబ్‌సైటులోని రెండు శీర్షికలను ఇన్‌స్టాగ్రామ్‌లో పక్కపక్కన పెట్టి చూపాడు. వాటిలో ప్రస్తావించిన ఇద్దరూ మాంచెస్టర్ సిటీ యువ ఆటగాళ్లే, రెండూ ఇల్లు కొన్న వార్తలే. నల్లజాతి ఆటగాడి విషయంలో అతని వారపు జీతాన్నీ, లీగ్ మ్యాచ్ మొదలుపెట్టిన అనుభవం లేదన్న సంగతినీ ఎత్తిచూపారు. తెల్లజాతి ఆటగాడి విషయంలో తల్లికి ఇల్లు కొన్నాడని రాశారు. అటువంటి శీర్షిక మీ వార్తపై కనిపిస్తే, పేజీ ప్రెస్‌కు వెళ్లకముందే డెస్క్‌లోని సబ్ ఎడిటర్‌కు ఫోన్ చేసి అభ్యంతరం తెలపాలి. కొత్తవారికి ఇది ఇబ్బందిగా ఉన్నా మానకూడదు.

చివరగా రికార్డుల సంగతి. ఇంగ్లండ్‌లో పరువునష్టం దావా వేస్తే, రాసినది నిజమని నిరూపించే భారం పత్రికపైనే పడుతుంది. ఇతరుల ఫోన్ సందేశాలను దొంగచాటుగా విన్న ఫోన్ హ్యాకింగ్ కారణంగా 2011లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అనే ఆదివారపు టాబ్లాయిడ్ మూతపడిన తర్వాత సంపాదకుల ప్రశ్నలు మరింత నిశితమయ్యాయి. దావాకు గడువు సాధారణంగా ప్రచురించిన నాటి నుంచి ఏడాది, కోర్టు దాన్ని పొడిగించవచ్చు. కనుక ప్రతి సంభాషణకూ తేదీ, సమయం వేసిన నోట్‌బుక్కులను ఏడాది దాటినా పారవేయకుండా వరుస క్రమంలో భద్రపరచాలి. పేరు బయటపెట్టనని మాట ఇచ్చినవారి వివరాలను మాత్రం అందులో అసలు రాయకూడదు.