‘కాస్ట్‌లీ’ దగ్గర వాక్యం తప్పుతోందా?

అనంతపురంలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు చెబుతూ ఈ ఒక్క తప్పును ఎన్నిసార్లు దిద్దానో లెక్క లేదు. గ్రామర్ పుస్తకం తెరిచే ముందు ఒకటి చూడండి: మీరు మాట్లాడుతున్నది వస్తువు గురించా, దాని ధర గురించా? ఇది మాత్రం ఎవరూ చూడరు.

సమస్య: ‘ద ప్రైస్ ఈజ్ కాస్ట్‌లీ’ అని వస్తోంది.

కొందరు కాస్ట్‌లీ తీసేసి ఎక్స్‌పెన్సివ్ పెట్టి, సరిపోయిందనుకుంటారు. సరిపోలేదు, తప్పు అలాగే ఉంది.

కారణం: మన ‘ఖరీదు’. ఫారసీ నుంచి వచ్చిన మాట, అక్కడ కొనడం అని అర్థం. మన దగ్గర ‘ఈ చీర ఖరీదెంత?’ అంటే ధర. ‘ఖరీదైన చీర’ అంటే రేటు ఎక్కువున్నది. ఒకే మాటతో రెండు పనులూ అయిపోతాయి. కాస్ట్‌లీకి రెండో పని మాత్రమే వచ్చు. ఇది తెలియక నేనే రెండేళ్లు బోర్డు మీద ‘కాస్ట్‌లీ అంటే ఖరీదు’ అని రాశాను. ఒకరోజు ధర్మవరం చీర బేరమాడమంటే ఒక అమ్మాయి ‘వాట్ ఈజ్ ద కాస్ట్‌లీ ఆఫ్ దిస్ శారీ?’ అంది. క్లాసంతా నవ్వింది, నాకు నవ్వు రాలేదు. పాపం, నేను రాసిందే అప్పజెప్పింది.

పరిష్కారం: చీరైతే కాస్ట్‌లీ, ఎక్స్‌పెన్సివ్ ఏదైనా సరే. ధరైతే హై. చౌకకూ ఇంతే: చీరైతే ‘చీప్’, ధరైతే ‘లో’ (low).

సమస్య: వస్తువు చౌకైనా ‘కాస్ట్‌లీ మిస్టేక్’ అంటున్నారేమిటి?

బిల్లు లేకుండా శెనక్కాయ విత్తనాలు తక్కువకు వస్తున్నాయని కొన్నారనుకోండి. మొలకే రాలేదు, అదును దాటిపోయింది. విత్తనాలు చీపే. కొనడం మాత్రం కాస్ట్‌లీ మిస్టేక్. ఇక్కడ లెక్క అంగట్లో ఇచ్చిన డబ్బుది కాదు, తర్వాత మీద పడిన నష్టానిది.

చివర్లో ‘లీ’ ఉందని ‘హి బాట్ ఇట్ కాస్ట్‌లీ’ అనకండి. ఇది ఫ్రెండ్లీ లాంటిది, వస్తువు ఎలాంటిదో చెబుతుంది, కొన్న తీరును కాదు.

నిన్న బండి రిపేరుకు నాకు ఐదొందలు అయిందని చెప్పాలంటే ‘ఇట్ కాస్ట్ మీ ఫైవ్ హండ్రెడ్’ చాలు. ‘టు మీ’ వద్దు, అది మన ‘నాకు’ తెచ్చిపెట్టే తంటా. కాస్టెడ్ కూడా వద్దు. పనికి ఎంతవుతుందో అంచనా కట్టేవాళ్లు ఆ మాట వాడతారు, వాళ్లనే వాడుకోనివ్వండి.