పెచ్చు కట్టిన నేలలో జొన్న: బుర్కినా ఫాసో జాయ్ గుంతలు తవ్వే తీరు

బుర్కినా ఫాసో ఉత్తరాన ఉన్న యటెంగా ప్రాంతంలో ఇప్పుడు వాన ఎంత పడిందన్న దానికన్నా ఎలా పడిందన్నదే రైతును ఎక్కువ ముంచుతోంది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న మెట్ట పట్టీ అయిన సాహెల్‌లో అతి తీవ్రమైన ఉరుముల వానలు 1982తో పోలిస్తే సుమారు మూడింతలయ్యాయని ఉపగ్రహ లెక్కలు చెబుతున్నాయి. అంత ఉధృతంగా పడే వాన పెచ్చు కట్టిన నేలలో ఇంకదు, జారిపోతుంది. ఇక్కడి మోసీ తెగ రైతులు ఇలాంటి చచ్చిన నేలను జిపెలే అంటారు. 1980ల కరువు రోజుల్లో యాకుబా సవడోగో లాంటి రైతులు వాన నీరు పట్టేందుకు గట్టి నేలలో తవ్వే పాతకాలపు చిన్న జాయ్ గుంతను పెద్దది చేసి, అందులో ఎరువు వేయడం మొదలుపెట్టారు.

గడ్డపార పట్టేముందు ఎరువు లెక్క చూసుకోండి. గుంతకు రెండు పిడికిళ్లు, అంటే సుమారు 300 గ్రాముల మాగిన పశువుల ఎరువు కావాలి. అటూ ఇటూ 80 సెంటీమీటర్ల ఎడంతో తవ్వితే ఎకరాకు 6,300 గుంతలు పడతాయి, ఎరువు దాదాపు 2 టన్నులు. అంత లేకపోతే అరెకరమే తవ్వండి. ఎరువు లేని గుంత నీళ్లు పట్టే తొట్టి మాత్రమే, పంట పండదు. పచ్చి పేడ వేస్తే మొలక మాడిపోతుంది, కలుపు కూడా తోడొస్తుంది.

తవ్వకానికి ముందే పొలం పైభాగంలో రాళ్ల వరుస పెట్టాలి. దీన్ని ఆలస్యం చేసినవాళ్ల గుంతలు మొదటి పెద్ద వానకే ఒండ్రుతో పూడిపోతాయి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపే ఇక్కడా పనిముట్టు. ఒకే ఎత్తున్న రెండు కర్రలకు పారదర్శక పైపు చివరలు కట్టి, నీళ్లు నింపి, రెండు వైపులా నీటి మట్టం సమానంగా వచ్చేచోట గుర్తు పెట్టుకుంటూ పోవడమే. పైపులో చిన్న గాలి బుడగ మిగిలినా లెవెల్ అబద్ధం చెబుతుంది, నీరు ఒక్కచోటికే చేరి గండి కొడుతుంది. గుర్తుల వెంట 10 సెంటీమీటర్ల లోతు కాలువ తీసి పెద్ద రాళ్లు పేర్చండి. వాటి సందుల్లో, నీరు వచ్చే వైపు నుంచి చిన్న రాళ్లు దూర్చండి. వరుస ఎత్తు 25-30 సెంటీమీటర్లు చాలు. ఇది నీటిని ఆపే గోడ కాదు, నెమ్మదించే జల్లెడ.

గుంతలు ఎండాకాలంలో, జనవరి నుంచి ఏప్రిల్ లోపు తవ్వుకోవాలి. వెడల్పు 30, లోతు 15-20 సెంటీమీటర్లు. వరుసలు వాలుకు అడ్డంగా ఉండాలి. పై వరుసలోని రెండు గుంతల మధ్యకు కింది వరుస గుంత రావాలి. తీసిన మట్టిని దిగువ అంచున నెలవంకలా పోయండి, ఎగువన పోస్తే నీరు లోపలికి రాదు. ఎకరాకు 120 నుంచి 180 గంటల పని. ఇనుములా బిగుసుకున్న నేల మీద డబా అనే పొట్టి పారతో తవ్వే పని ఇది, నడుము పడిపోతుంది.

ఎరువు వేసి పైన పలచగా మట్టి కప్పితే చెదలు వస్తాయి. వాటికి మందు కొట్టకండి, గుంత అడుగున సొరంగాలు తొలిచి పెచ్చు కింద నీటికి దారి చేసేది అవే. మొదటి మంచి వాన తరువాత జొన్నగానీ సజ్జగానీ విత్తి, మొలిచాక గుంతకు మూడు మొక్కలుంచి మిగతావి పీకేయండి.

ఇసుక నేలలో గుంత అంచులు కూలిపోతాయి, పల్లపు బంకనేలలో వేళ్లు కుళ్లుతాయి. ఏడాది వాన 300 మిల్లీమీటర్ల కన్నా తక్కువున్నచోట గుంతలోకి చాలినంత నీరు చేరదు, 800 దాటితే నీరు నిలిచిపోతుంది. అలాంటి చోట్ల ఈ పని పెట్టుకోవద్దు.

కోత సమయంలో దంటును మోకాలెత్తున వదిలేయండి. గాలికి కొట్టుకొచ్చే ఇసుకను అది పడుతుంది, ఎరువులోంచి మొలిచే చెట్ల మొలకలకు మేకల నుంచి కాస్త మరుగూ అవుతుంది. రెండో ఏడు పాత గుంతలనే శుభ్రం చేసి ఎరువు వేసి వాడుకోవచ్చు. మూడో ఏడు వాటి మధ్య ఖాళీల్లో కొత్తవి తవ్వితే, చేను మొత్తం మెల్లగా మెత్తబడుతుంది.