కపుశ్న్యాక్ సూప్ కుదరనప్పుడు: లక్షణం, కారణం, సవరణ

పోలండ్ ఇళ్లలో చలికాలమంతా పొయ్యి మీద కనిపించే కపుశ్న్యాక్ సూప్‌కు ప్రాణం పులియబెట్టిన క్యాబేజీ. దానికి పొగపెట్టిన పంది పక్కటెముకల రసం బలాన్ని, బంగాళాదుంపలు నిండుదనాన్ని ఇస్తాయి. వినడానికి సులువుగా ఉన్నా, మొదటిసారి వండినవారికి ఏదో ఒక లోపం కనిపిస్తుంది. ఆ లోపాల్లో ఎక్కువభాగం, పులుపు గిన్నెలోకి ఎప్పుడు చేరింది, ఎంత చేరింది అన్న దగ్గరే పుడతాయి. కాబట్టి సూప్‌లో ఏ తేడా వచ్చినా ముందు అనుమానించవలసింది దాన్నే.

ఐదారుగురికి సరిపడే కొలత ఇది: పొగపెట్టిన పక్కటెముకలు 500 గ్రాములు, నీళ్లు 2 లీటర్లు, పులిసిన క్యాబేజీ 500 గ్రాములు, బంగాళాదుంపలు 400 గ్రాములు, ఒక క్యారెట్, ఒక ఉల్లిపాయ, రెండు లారెల్ ఆకులు, నాలుగు ఆల్‌స్పైస్ గింజలు, కొన్ని మిరియాలు, అర చెంచా కారవే గింజలు, ఒక చెంచా ఎండు మార్జొరమ్, అంటే మరువం (లారెల్, ఆల్‌స్పైస్, కారవేల వివరం కింద ఉంది). ఎముకలను చల్లటి నీళ్లలో వేసి, సన్నని సెగ మీద గంట, గంటన్నర సేపు ఉడికించాలి. క్యాబేజీని కొద్దిపాటి ఎముకల రసంతో వేరే గిన్నెలో అరగంట పైగా ఉడకనివ్వాలి. ఎముకల రసంలో దుంపలు, క్యారెట్ మెత్తబడ్డాకే రెండు గిన్నెలనూ కలపాలి.

బంగాళాదుంపలు ఎంత ఉడికించినా గట్టిగానే ఉన్నాయి

అందరికంటే ఎక్కువమంది ఎదుర్కొనే ఇబ్బంది ఇదే. దుంప కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టి ఉంచే పెక్టిన్ మామూలు నీళ్లలో మరిగితే కరిగిపోతుంది, పుల్లటి నీళ్లలో మాత్రం కరగడానికి మొరాయిస్తుంది. అందుకే క్యాబేజీని, దుంపలను ఒకేసారి వేసిన గిన్నెలో క్యాబేజీ పూర్తిగా మెత్తబడినా దుంప ముక్క పంటికి కరకరలాడుతూనే ఉంటుంది. దప్పళంలో సొరకాయ, గుమ్మడికాయ ముక్కలు ఉడికాకే చింతపండు రసం పోయడం మన వంటిళ్లలో తెలిసిన పద్ధతి. ఇక్కడ పాటించవలసిన నియమమూ అదే.

ఇప్పటికే పొరపాటు జరిగిపోయి ఉంటే, చిల్లుల గరిటెతో దుంప ముక్కలను తీసి, వేరే గిన్నెలో మరుగుతున్న ఉప్పులేని నీళ్లలో వేయండి. ముక్కల్లోని పులుపు నీళ్లలోకి దిగేకొద్దీ అవి నిదానంగా మెత్తబడతాయి. సమయం లేకపోతే కొత్త దుంపలు ఉడికించి కలుపుకోవడమే మేలు. గట్టి ముక్కలను అలాగే వదిలేసి మంట పెంచడం వల్ల క్యాబేజీ పీచుపీచుగా విడిపోవడం తప్ప ప్రయోజనం ఉండదు.

నోట్లో పెట్టుకోలేనంత పులుపు

పులిసిన క్యాబేజీ ఏ రెండు సీసాల్లోనూ ఒకే పులుపుతో ఉండదు. కొలత ప్రకారం వేసినా రుచి మారడానికి కారణం అదే. కాబట్టి వండేముందు పచ్చిగానే ఒక పోగు నమిలి చూడాలి. పులుపు ఎక్కువైతే క్యాబేజీని గట్టిగా పిండి, ఆ రసాన్ని పారబోయకుండా ఒక గిన్నెలో దాచుకోవాలి. చివర్లో పులుపు చాలకపోతే చెంచా చెంచాగా కలుపుకోవడానికి అదే పనికొస్తుంది, నిమ్మరసమూ వెనిగరూ ఆ లోటు తీర్చవు. నీళ్లతో కడగడం మరీ పుల్లగా ఉన్నప్పుడే, అదీ ఒక్కసారే చేయాలి. రెండు మూడుసార్లు కడిగితే పులుపుతోపాటు రుచి కూడా కొట్టుకుపోతుంది.

సూప్ తయారయ్యాక పులుపు బయటపడితే, ఉప్పులేని ఎముకల రసమో వేడినీళ్లో పోసి, ఉడికిన దుంపల్లో కొన్నింటిని గరిటెతో చిదిమి కలపండి. అర చెంచా చక్కెర కూడా పులుపు అంచును తగ్గిస్తుంది. కొందరు సూచించే వంటసోడా మాత్రం వేయకపోవడమే మంచిది. అది పులుపును విరిచినా, సబ్బు రుచిని తెస్తుంది, క్యాబేజీని జావగా మారుస్తుంది.

పులుపు ఉంది, కానీ ముక్కుకు ఘాటుగా కొడుతోంది

సీసాలో ఉన్నది పులియబెట్టిన క్యాబేజీ కాదని, వెనిగర్‌లో ఊరవేసినదని అర్థం. పులియబెట్టినదానిలో ఉండే లాక్టిక్ ఆమ్లం పెరుగులోని పులుపు వంటిది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం మరిగినప్పుడు ఆవిరితోపాటు ముక్కుకెక్కుతుంది. కొనేటప్పుడే సీసా వెనుక రాసిన పదార్థాల జాబితా చూడాలి. క్యాబేజీ, ఉప్పు, మహా అయితే క్యారెట్, కారవే తప్ప మరొకటి ఉండకూడదు. ఘాటు వచ్చేసిన సూప్‌ను మూత తీసి పావుగంట మరిగిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు.

ఇంట్లో పులియబెట్టిన క్యాబేజీ మెత్తబడింది, తెల్లటి పొర కట్టింది

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండేవారికి మంచి సీసా దొరకడం కష్టం కాబట్టి ఇంట్లోనే పులియబెట్టుకోవడం సహజం. కిలో సన్నగా తరిగిన క్యాబేజీకి 20 గ్రాముల ఉప్పు పట్టించి, నీరు ఊరేదాకా చేత్తో బాగా పిసికి, గాజు జాడీలో అదిమి, ఊరిన నీళ్ల కింద క్యాబేజీ మునిగి ఉండేలా బరువు పెట్టాలి. చిక్కంతా ఎండలతోనే వస్తుంది. ఈ పులియడానికి 18 నుంచి 22 డిగ్రీల వేడి అనుకూలం. ఆ వేడిలో ఒక రకం బ్యాక్టీరియా పని మొదలుపెట్టి, పులుపు పెరిగేకొద్దీ మరో రకానికి చోటిస్తూ, కొన్ని వారాల్లో రుచికి లోతు తెస్తాయి. 30 డిగ్రీలు దాటిన గదిలో ఈ దశలన్నీ హడావిడిగా గడిచిపోయి, పులుపు వస్తుంది గానీ లోతు రాదు, ఆకు కూడా కరకర కోల్పోతుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో జాడీ పెట్టుకోవడం అన్నిటికంటే మంచి మార్గం. వేసవిలో తప్పనిసరైతే ఉప్పును 25 గ్రాములకు పెంచి, మూడో రోజు నుంచి రోజూ రుచి చూస్తూ, పులుపు తగలగానే ఫ్రిజ్‌లోకి మార్చాలి. అక్కడ పులియడం ఆగదు, నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదే మనకు కావలసింది. పైన తేలే పల్చటి తెల్లటి పొర సాధారణంగా ఈస్ట్ వల్ల వచ్చేదే కాబట్టి తీసిపారేయవచ్చు. కానీ నూగుగా పెరిగిన బూజు కనిపించినా, గులాబీ రంగు తిరిగినా, జిగురు సాగినా, కుళ్లు వాసన వచ్చినా, జాడీ మొత్తాన్ని పారబోయాలి, పైభాగం తీసి కిందిది వాడుకోవడం వద్దు. వాసన శుభ్రంగా ఉండి ఆకు మాత్రం మెత్తబడితే సూప్‌కు నిశ్చింతగా వాడుకుని, ఉడికే సమయాన్ని పావుగంటకు తగ్గించండి.

సూప్ బిర్యానీ వాసన వేస్తోంది

తెలుగువారి వంటింట్లో ఈ సూప్‌కు ఎదురయ్యే ప్రత్యేకమైన చిక్కు ఇది. మన బిర్యానీ ఆకు దాల్చిన చెట్టు జాతికి చెందినది, దాని వాసనా దాల్చినచెక్క వాసనే. పోలిష్ వంటలో వాడేది లారెల్ చెట్టు ఆకు. దాని మీద పొడవునా మూడు ఈనెలు ఉండవు, మధ్యలో ఒకే ఈనె ఉండి పక్కలకు చీలుతుంది. లారెల్ ఆకు దొరకకపోతే ఆకే వేయకుండా వండండి, బిర్యానీ ఆకు మాత్రం వద్దు. కారవే గింజల బదులు జీలకర్ర వేయడమూ అలాంటి పొరపాటే, వాటి స్థానంలో షాజీరా కొద్దిగా వేయవచ్చు. ఆల్‌స్పైస్ అంటే మసాలాల మిశ్రమం కాదు, మిరియం కంటే పెద్దగా ఉండే ఒకే చెట్టు ఎండుకాయ. అది లేనప్పుడు ఒక్క లవంగం, నాలుగు మిరియాలు అదనంగా వేస్తే చాలు.

మార్జొరమ్ విషయంలో మాత్రం మనకు లోటు లేదు. కనకాంబరాలతో కలిపి కట్టే మరువమే అది. పెరట్లోనో కుండీలోనో పెంచుకున్న మరువాన్ని నీడన ఎండబెట్టి, దించే ముందు అరచేతిలో నలిపి వేస్తే సూప్ వాసన ఒక్కసారిగా మారిపోతుంది. పూలకొట్టులో కొన్నదానిపై మందు చల్లి ఉండవచ్చు కాబట్టి దాన్ని వంటకు వాడవద్దు.

లోహపు రుచి, బూడిద రంగు

అల్యూమినియం గిన్నెలోనో కుక్కర్‌లోనో క్యాబేజీ వండినందువల్ల వచ్చేది. పులుపు ఆ లోహాన్ని తింటుంది. స్టీలు లేదా ఎనామిల్ గిన్నె వాడండి. తొందరలో ఉంటే ఎముకల వరకు కుక్కర్‌లో ఉడికించుకోవచ్చు. లోహపు రుచి పట్టిన సూప్‌కు సవరణ లేదు.

ఉప్పు ఎక్కువైంది

క్యాబేజీలోనూ, పొగపెట్టిన మాంసంలోనూ ముందే ఉప్పు ఉంది. రెండూ కలిసి పది నిమిషాలు మరిగేదాకా ఉప్పు డబ్బా తాకకూడదు. ఎక్కువైతే ఉప్పులేని నీళ్లు, అదనపు దుంపలు తప్ప మందు లేదు.

రసంలో పస లేదు, పొగ వాసన అందడం లేదు

ఎముకలను మరుగుతున్న నీళ్లలో వేయడం, పెద్ద మంట మీద త్వరగా ముగించడం సాధారణ కారణాలు. పొగపెట్టిన పక్కటెముకలు దొరకనిచోట పచ్చి పక్కటెముకలతో రసం కాచి, పొగపెట్టిన సాసేజ్ ముక్కలను వేయించి చివర్లో కలపవచ్చు. మాంసం తిననివారు ఇది తమ వంట కాదనుకోనక్కరలేదు. పోలండ్‌లో క్రిస్మస్ ముందురోజు రాత్రి విందు సంప్రదాయంగా మాంసం లేకుండా సాగుతుంది, ఆ పూట క్యాబేజీ వంటలకు ఎండు అడవి పుట్టగొడుగులే బలం. 30 గ్రాముల ఎండు పుట్టగొడుగులను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లను వడకట్టి రసంగా వాడి, పొగపెట్టిన పాప్రికా (ఒక రకం ఎర్ర మిరపపొడి) చెంచాలో పావువంతు వేస్తే మంచి సూప్ వస్తుంది.

పలుచగా ఉంది, లేదా పిండి ఉండకట్టింది

చిక్కదనం కోసం చాలామంది జస్మాష్క కలుపుతారు. ఒక చెంచా వెన్నలో ఒక చెంచా మైదాను లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించడమే అది. దాన్ని నేరుగా మరిగే సూప్‌లో వేస్తే ఉండలు కడుతుంది. గరిటెడు చల్లారిన రసాన్ని పాన్‌లోనే కొద్దికొద్దిగా పోస్తూ జారుగా కలిపి, తర్వాత గిన్నెలో పోసి ఐదు నిమిషాలు మరిగించాలి. పిండి మాడితే చేదు వస్తుంది, దాన్ని పారేసి మళ్లీ చేయాలి తప్ప సూప్‌లో కలపకూడదు. అయితే పలుచదనం ప్రతిసారీ లోపం కాదు. దక్షిణ పోలండ్‌లో జకోపానె పట్టణం చుట్టూ ఉన్న పొద్‌హాలె కొండప్రాంతంలో వండే క్ఫశ్నీత్స అనే పుల్లటి సూప్‌లో జస్మాష్క గానీ, క్యారెట్ గానీ సాధారణంగా వేయరు. దాని బలమంతా మాంసం రసంలోనూ, పులుపులోనూ ఉంటుంది.

మరుసటి రోజుకు దుంపలు చిదికిపోయాయి

సూప్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే రుచి పెరుగుతుంది, అందుకే ఎక్కువ వండి పెట్టుకోవడం మంచి అలవాటే. కానీ దుంపలు అందులోనే ఉంటే వేడిచేసిన ప్రతిసారీ కొంత విరుగుతాయి, ఫ్రీజర్‌లో పెడితే ఇసుకలా తయారవుతాయి. నిల్వ ఉంచదలచిన భాగాన్ని దుంపలు కలపకముందే పక్కకు తీసి, తినేరోజు విడిగా ఉడికించిన దుంపలను వేడి సూప్‌లో వేసుకుని, రై బ్రెడ్‌తో వడ్డించండి.